మిరపతోటలో కరుణాకర్ రావు

స్టేషన్ ఘన్‌పూర్,
24-11-1983

వియ్యంకులు యాకయ్య గారికి రాజలింగం నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం అడగదలచుకోలేదు.

మొన్న మంగళవారం, మీ కమల కన్న నా మనుమణ్ణి చూద్దామని పాలకుర్తి బస్సెక్కాను. ఊరు రాకముందే రోడ్డు పక్కన మీ మిరపతోట, దాని నడుమ దిష్టిబొమ్మ కనిపించాయి. ఆ బొమ్మ ముఖం మా కరుణాకర్ రావు గారిది! పోయిన ఎలక్షన్లలో నేను దగ్గరుండి రాయించిన గుడ్డ బ్యానరు అది. నెత్తిన మసికుండ, మెడలో తెగిన చెప్పు. బస్సులో ఎవడో "అగో, ఓడిపోయినా పనికొచ్చిండు" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను అక్కడే దిగి, ఎదురొచ్చిన బస్సెక్కి ఇల్లు చేరాను.

ఆ బొమ్మ దిగేదాకా మా ఇంటి నుంచి ఎవరూ మీ గడప తొక్కరు. మా అబ్బాయి ఉపేందర్‌కు కూడా గట్టిగా చెప్పాను. ఇరవయ్యొకటో రోజు పిల్లవాణ్ణి తొట్లెలో వేసి పేరు పెట్టే పండుగ మీరే చేసుకోండి.

ఇట్లు,
రాజలింగం, రిటైర్డ్ హెడ్మాస్టరు

తా.క. కోడలికని తెచ్చిన నెయ్యి డబ్బా ఆ కోపంలో బస్సులో మరిచిపోయాను. ఆ పాపం కూడా మీదే.

---

పాలకుర్తి,
27-11-1983

బావకు యాకయ్య దండాలు. ఈడ అందరం మంచిగున్నం. పిలగాడు మస్తుగ పాలు తాగుతున్నడు.

ఎగతాళి చేసిననుకుంటిరేంది బావా? దిష్టిబొమ్మంటే తోటకు కావలి. నేను పండుకున్నా అది పండుకోదు. అసొంటి పనికి ఉత్త మనిషిని పెడ్తనా? మీ కరుణాకర్ రావు మొకం పెట్టిన కాంచి ఒక్క పిట్ట వాలలే. ఓట్లప్పుడు ఎవ్వలు ఖాతరు చెయ్యలే గని, పిట్టలన్న చేస్తున్నయి. గింతకన్న మర్యాద ఏముంటది? మా కొత్త పార్టీ పెద్దమనిషి పటం ఇంట్ల పెట్టి రోజు దండేస్తున్నం, దీపం పెడ్తున్నం. ఆయనను ఎండల నిలవెట్ట మనసొప్పలే, లేకుంటే ఆయన మొకమే పెట్టేటోన్ని.

పండుగకు తప్పక రావాలె.

మీ బావ,
యాకయ్య (వేలిముద్ర)

తా.క. మామా, నేను కమలను. నాయిన చెప్తుంటే రాస్తున్న. మూడు తిట్లు తీసేసిన. మీ మనుమనికి మీ ముక్కే వచ్చింది.

---

స్టేషన్ ఘన్‌పూర్,
30-11-1983

యాకయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. బతికున్న మనిషి పటానికి దండవేసి, ముందు దీపం పెడతారా? మా వైపు పోయినవాళ్లకు చేస్తారు ఆ మర్యాద! దాన్ని చూసి మేము నవ్వితే మాత్రం మీకు కోపం. మా నాయకుడి మెడలో చెప్పు కడితే అది గౌరవం. ఇదెక్కడి న్యాయం?

నా మాట ఒక్కటే. బొమ్మను దించండి. పిల్లవాడికి కరుణాకర్ అని పేరు పెట్టండి. అప్పుడే ఉపేందర్ భార్యాబిడ్డలను తీసుకుపోవడానికి వస్తాడు.

ఇట్లు,
రాజలింగం

తా.క. అమ్మాయీ, తీసేసిన మూడు తిట్లు ఏవో వేరే కాగితం మీద రాసి పంపు. జవాబు చెప్పాలి.

---

పాలకుర్తి,
5-12-1983

బావకు యాకయ్య దండాలు.

పండుగకు ఊరంత వచ్చింది. మీరు రాకపోతిరి, అల్లున్ని రానియ్యకపోతిరి. పిలగాడు పేరు లేకుంటనే తొట్లెల పండుకున్నడు. "అల్లుడేడి?" అని అడిగినోళ్లకు జరమొచ్చిందని అబద్ధం చెప్పిన. కమల లోపలి అర్రల కూసోని ఏడ్చింది. నా బిడ్డ ఏడ్చినంక నాకు ఎవలి మర్యాదలతోని పనిలేదు.

ఓడిపోయినోని పేరు నా మనుమనికి పెట్టనియ్య. బొమ్మను దించుడు కాదు, దానికి ఇంకో చెప్పు కట్టిన. ఏం చేసుకుంటరో చేసుకోండ్రి.

యాకయ్య (వేలిముద్ర)

తా.క. మామా, ఆ రెండో చెప్పు నాయిన తొడుక్కునేదే. ఇప్పుడు తోటల ఒట్టికాళ్లతోని కుంటుతున్నడు. మీరడిగిన మూడు తిట్లు వేరే కాగితం మీద రాసి ఇందుల పెట్టిన.

---

స్టేషన్ ఘన్‌పూర్,
20-12-1983

బావగారు యాకయ్య గారికి రాజలింగం అనేక నమస్కారాలు.

మీరు ముందే పసిగట్టారు బావా, నేనే గుడ్డివాణ్ణి! ఆ కరుణాకర్ రావు నిన్న జనగామ సభలో మీ కొత్త పార్టీ కండువా కప్పుకున్నాడు. ఇరవై ఏండ్లు వాడి వెనుక మైకు పట్టుకొని తిరిగాను. నాకొక్క మాట చెప్పలేదు. అన్నం సయించడం లేదు.

బొమ్మను దించకండి. ఇంకాస్త ఎత్తు పెంచండి, బస్సులో వాళ్లకు బాగా కనపడాలి. నా వంతుగా ఒక చెప్పు పార్శిల్ పంపుతున్నాను. మనుమడికి ఆ ద్రోహి పేరు మాత్రం వద్దు.

మీ బావ,
రాజలింగం

తా.క. మీ మూడు తిట్లలో రెండోది చాలా బాగుంది. నిన్న కరుణాకర్ రావుకు వాడుకున్నాను.

---

పాలకుర్తి,
24-12-1983

రాజలింగం గారికి,

మీ చెప్పు వచ్చింది. మా కరుణాకర్ రావు సాబ్‌ను గింత అవమానం చేస్తరా? చదువుకున్నోళ్లు చేసే పనేనా గిది?

ఆయన మా పార్టీలకు వచ్చిండని తెల్వంగనే బొమ్మను దించి, పసుపునీళ్లతోని కడిగి, మడతవెట్టి దేవుని అర్రల పెట్టిన. పిలగానికి కరుణాకర్ పేరే పెడ్త. మీరు ఇంటికొచ్చి ఆ చెప్పు వాపస్ తీసుకపోయేదాక కమలను పంప. మిరపతోటకు కావలి లేక పిట్టలు దుంకుతున్నయి. గా నష్టం కూడా మీ మీదనే.

యాకయ్య (వేలిముద్ర)

తా.క. మామా, ఒక్క చెప్పే పంపితిరేంది? జత పంపితే నాయిన తొడుక్కునేటోడు.

---

భూపాలపల్లి,
2-1-1984

మామకు, నాయినకు కమల నమస్కారాలు. ఒకే ఉత్తరం రెండుసార్లు రాసి ఇద్దరికీ పంపుతున్న. నాయినా, నీది పోస్టుమ్యాన్‌తోని చదివిపిచ్చుకో.

ఆయనకు ఇక్కడి బడిలో నౌకరి వచ్చింది. మొన్న నాయిన తోటల పిట్టలను కొడుతుంటే మేము ముగ్గురం బస్సెక్కినం. నన్ను కన్న అవ్వకు చెప్పే వచ్చినం.

మామా, మీ ఉత్తరాలు డబ్బాల వెయ్యమని మీ కొడుకుకు ఇస్తుంటిరి గదా. ఆయన ఒక్కటి కూడా వెయ్యలే. జేబుల పెట్టుకొని పాలకుర్తికి తెచ్చిండు. నాయిన తోటల ఉన్నంతసేపు కొడుకును ఎత్తుకొని, సాయంత్రం బస్సుకు పోయిండు. జవాబుల కోసం మళ్ల వచ్చేటోడు, అవి కూడా ఆయన చేతికే ఇచ్చిన. చెప్పు పార్శిల్ తెచ్చింది ఆయనే. ఏ ఉత్తరం మీదా పోస్టు ముద్ర లేదని మీరిద్దరు ఒక్కనాడు చూడకపోతిరి.

మీరు కలిసిపోతరని మొదట ఆశపడ్డ. తర్వాత, అలిగి ఉత్తరాలే బందు చేస్తరేమోనని బుగులైంది. ఉత్తరం ఉంటేనే ఆయన వస్తడు. అందుకే మామకు పంపిన మూడు తిట్లల్ల రెండు నేనే కలిపిన. మామా, మీకు నచ్చిన రెండోది నాదే.

ఇక్కడికి వచ్చేటప్పుడు చిల్పూర్ గుట్ట ఎక్కి, బుగులు వెంకటేశ్వరుని ముందర పిలగానికి వెంకటేశం అని పేరు పెట్టినం. ఆ స్వామి ఏ పార్టీలకు దుంకడు.

మనుమన్ని చూడాలనిపిస్తే ఇద్దరు ఒక్క బస్సుల రాండ్రి. విడివిడిగ వస్తే తలుపు తియ్య. వాడు ఇప్పుడు మొకం చూసి నవ్వుతున్నడు. ఎవరి మొకమైనా సరే.

మీ బిడ్డ,
కమల

తా.క. నాయినా, దేవుని అర్రల బ్యానరు కోసం వెతకకు. మెత్తగున్నదని నేనే తెచ్చి తొట్లె కట్టిన. రంగంత పోయింది గని మీసం పోలే. వెంకటేశం రోజుకు పదిసార్లు దాని మీద పోస్తడు. మీలో ఒకరు అభిషేకమనుకోండ్రి, ఒకరు శాస్తి అనుకోండ్రి. ఎవరేది అనుకోవాల్నో తెల్వకుంటే, కరుణాకర్ రావు ఈ వారం ఏ పార్టీల ఉన్నడో కనుక్కోండ్రి. నేనైతే ఉతికి ఆరేస్తున్న.