రెండో సిలిండర్ ప్లగ్గు

శుక్రవారం, పడుకునే ముందు

మునిరత్నం అన్న కారు ఈరోజు మళ్లీ నా షెడ్డుకొచ్చింది. చిన్న మిట్ట కూడా ఎక్కడం లేదట. నాలుగు ప్లగ్గులూ విప్పాను. మూడింటికి పొడి మసే. రెండో సిలిండర్‌ది మాత్రం ఆయిల్‌తో తడిసి నిగనిగలాడుతోంది.

కొత్తవి వేయగానే బండికి పికప్ వచ్చేసింది. అన్న ఒక రౌండు కొట్టొచ్చి నా భుజం తట్టాడు.

"ప్లగ్గులే కదప్పా? ఇంకేం లేదు కదా? రేపు మనవడి పుట్టెంటికలకి ఇంటిల్లిపాదీ కొండకి పోవాల."

"ప్లగ్గులేన్నా. ఏం గాదు, పోయి రాండి."

ఎందుకలా అన్నాను? ప్లగ్గు ఆయిల్‌తో తడిసిందంటే లోపల పిస్టన్ రింగులు పట్టక ఆయిల్ పైకొస్తోందని నాకు తెలుసు. రెండు నెలల కిందట ఆ రింగులు వేసింది నేనే. రెండో సిలిండర్ దగ్గరకొచ్చేసరికి కరెంటు పోయింది. సెల్లు వెలుతురులో కానిచ్చేశాను. సరిగ్గా కూర్చోలేదేమోనని అప్పుడే అనుమానం. విప్పి చూడలేదు.

కొత్త ప్లగ్గు అలిపిరి దాకా పనిచేయొచ్చు. ఆ తర్వాత ఘాట్ రోడ్డు మీద అదీ తడిసి బండి ఆగిపోతే, వెనక బస్సులు, బండిలో ఏడాది పిల్లోడు...

పాత ప్లగ్గు నా జేబులోనే ఇంటికొచ్చింది. తుడిచి ఈ పేజీ మీద పెడితే మళ్లీ ఆయిల్ మరక.

ఫోన్ రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను, చేయలేకపోయాను. ఫోన్లో చెప్పే మాట కాదిది, ఇంటికెళ్లి చెప్పాలి. ఐదింటికి వాళ్లు బయలుదేరతారు. నాలుగున్నరకి అలారం పెట్టాను. నేను చేరేలోపే వాళ్లు వెళ్లిపోతే చెప్పే బాధ తప్పుతుంది కదా అని ఒక్క క్షణం అనిపించింది.

అలారం మూడున్నరకి మార్చాను.