గాలిలో ఎర్ర దారం

నవాగామ్, సూరత్
ఆగస్టు 1996, మంగళవారం

నెల రోజులుగా బుర్రకెక్కని ఫిజిక్స్ పాఠం ఈరోజు బాపు మరమగ్గాలు నడిపే సాంచాల షెడ్డులో అర్థమైంది. మధ్యాహ్నం టిఫిన్ ఇచ్చి నిలబడ్డాను. పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తాల్సిన నాడె బాపు మగ్గం నుంచి తప్పించుకుని ఎగిరింది. దాని వెనకే ఎర్ర దారం విడివడుతూ వెళ్లి, ఒక్క క్షణం గాలిలో వంపుగా నిలిచింది. సార్ బోర్డు మీద గీసే గీత అదే! విసిరిన వస్తువు కాసేపు నేరుగా పోయి, ఆ తర్వాతే పడుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. ముందుకు పోతూనే, మొదటి క్షణం నుంచీ పడుతూనే ఉంటుంది.

బాపుకు చెబితే సాంచా ఆపి నవ్వాడు.

"గిది మాకు ఎరుకే బిడ్డా. నాడె ఎగిరితే దగ్గరున్నోనికి నడుముకు తాకుతది, దూరమున్నోనికి మోకాలి కింద తాకుతది."

"ఎట్ల ఎరుక బాపూ?"

బాపు నాడె ఏరుకోవడానికి వెళ్లాడు.

ఇప్పుడు కళ్లు మూసుకున్నా ఆ దారమే కనిపిస్తోంది. మెల్లగా, ఎంతో అందంగా వంగుతూ వంగుతూ దిగుతోంది. అది దిగేచోట బాపు మోకాలి కింది మచ్చ ఉంది. చిన్నప్పుడు అడిగితే, సైకిల్ మీది నుంచి పడ్డానన్నాడు...