ఏడు సెకన్ల ముక్క

చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఉత్తరం మొదట్లో రాయాల్సిన మాట కాబట్టి రాశాను గానీ, ఆ అందరిలో నన్ను కలపకు. అమ్మ బాగుంది, మీ వదిన బాగుంది. నువ్వూ నీ బొంగురు గొంతూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. రోజూ వేడినీళ్ళు తాగమని అమ్మ చెప్పమంది. ఈ మాట ఎన్నోసారి చెబుతోందో ఆవిడకే గుర్తులేదు.

నీ ఉత్తరంలో ప్రశ్నలు బోలెడున్నాయి. తేలికైనవి ముందు కానిచ్చేస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మెట్లు ఎక్కేటప్పుడు బాగానే ఎక్కుతోంది, దిగేటప్పుడు మాత్రం మెట్టుకో తిట్టు చొప్పున నన్ను తిడుతోంది. వదిన ఆసుపత్రిలో పగటి డ్యూటీకి మారింది. నేను మళ్ళీ పాటలు రాస్తున్నానా అని అడిగావు. లేదు. చిన్నప్పుడు మేడమీద గదిలో మనిద్దరం ఒకే దుప్పటి కప్పుకుని, పాత టేప్ రికార్డరు ముందు ర్యాప్ అంటూ అరిచిన అరుపులన్నీ గుర్తున్నాయి. నీకు బొంగురు అని పేరు పెట్టింది అక్కడే. ఏడిపించడానికి పెట్టిన పేరుని పట్టుకెళ్ళి పాటగత్తె పేరుగా చేసుకున్నావు. నేను రేడియో ఆఫీసులో చేరి ఇతరుల పాటలకి జాబితాలు రాసుకుంటున్నాను.

కంపెనీ వాళ్ళు చేసిన నీ పాట మా రేడియోలో వస్తోందా అన్నావు. వస్తోంది, రోజుకి తొమ్మిదిసార్లు. జాబితాలో పెడుతున్నది నేనే. "జనానికి నచ్చిందా అన్నయ్యా?" అని కింద రెండు గీతలు గీసి మరీ అడిగావు. జనాన్ని ఎవరూ అడగలేదు తల్లీ. పెద్ద కంపెనీ పాటకి మా దగ్గర పరీక్ష ఉండదు. రోజుకి ఎన్నిసార్లు వెయ్యాలో కాగితం తగిలించుకునే అది లోపలికొస్తుంది. వారం తిరిగేసరికి అందరి నోటా అదే పాట. మా ప్రోగ్రాం హెడ్ ఉన్నాడే, చెవులకి ఇంతలావు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తిరుగుతాడని మేం పెద్దచెవి అనుకుంటాం, ఆయన "చూశావా, జనం నాడి నాకు తెలుసు" అని కాలరెగరేశాడు. పొద్దస్తమానం ఒకటే చెవిలో పోసి, వాళ్ళు అదే పాడుకుంటుంటే నాడి తెలుసంటాడు. ఒళ్ళు మండింది. మండినా తలూపాను. పన్నెండేళ్ళుగా ఊగుతున్న తల, నేను చెప్పక్కర్లేకుండానే ఊగుతుంది.

అలాగని మీ గోదాము వాళ్ళని వెనకేసుకొస్తున్నాననుకోకు. బస్సు గ్యారేజీ కింది గోదాములో టైర్ల మధ్య నిలబడి పాడుకునే మీ అండర్‌గ్రౌండ్ హిప్ హాప్ జనం తక్కువ తిన్నవాళ్ళేం కాదు. మీకు బీట్లు కట్టే ఆ వెల్డరు నా ఎదురుగానే అన్నాడు కదా, "పాట పదిమందికి నచ్చిందంటే ఎక్కడో చెడగొట్టామన్నమాటే బ్రదర్" అని. ఒక్క పాట కంపెనీకి ఇచ్చావని గోడ మీది పేర్లలోంచి నీ పేరు గీకేశారని రాశావు. చదివి నవ్వొచ్చింది, కడుపూ మండింది. వినేవాడికి ఏం తెలుసని మా పెద్దచెవి అంటాడు. వినేవాడికి తెలిసిపోతే పాట పాడైపోయినట్టేనని మీ వెల్డరు అంటాడు. వీళ్ళిద్దరూ ఒకచోట కూర్చుంటే చక్కగా కాలక్షేపం అవుతుంది.

ఇక నువ్వు అసలు అడిగిన సంగతి. కంపెనీ ఇప్పుడు మూడేళ్ళ ఒప్పందం నీ ముందు పెట్టింది. సంతకం పెడితే గోదాములో పాడకూడదు, బొంగురు అన్న పేరు వాడకూడదు, వాళ్ళు రాయించిందే పాడాలి. బుధవారం పదకొండింటికి సంతకం. నీ మాటలే మళ్ళీ రాస్తున్నాను: "నువ్వు పంపిన రిపోర్టు గోడకి అంటించుకున్నా అన్నయ్యా. నా పాట విన్న నలభై మందిలో ముప్ఫై ఆరుగురు వద్దన్నారు. మనుషులే వద్దన్నాక నేనెవరి కోసం మొండికెయ్యాలి? అది నిజమేగా? నువ్వు అవునను చాలు, సంతకం పెట్టేస్తా." ఫోన్ చేసి చెప్పమన్నావు. చేశాను, రెండుసార్లు. నువ్వు "చెప్పు అన్నయ్యా" అనగానే వానల గురించి మాట్లాడి పెట్టేశాను. ఫోన్లో నా గొంతుకి అబద్ధం బాగా అలవాటైపోయింది. అందుకే కాగితం పట్టుకున్నాను.

కంపెనీ చేతిలో పడకముందు, నువ్వు గోదాములో పాడి మా రేడియోకి పంపిన పాట మీద వచ్చింది ఆ రిపోర్టు. అలాంటిది ఎలా తయారవుతుందో నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నలభై మందిని పిలిచి ఒక గదిలో కూర్చోబెడతాం. బడి బస్సు నడిపేవాడు, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి, ఇస్త్రీ చేసేవాడు, అలాంటివాళ్ళు. ఏ పాటా మొత్తం వినిపించం, ఏడు సెకన్ల ముక్క వినిపిస్తాం. భోజనాల వేళకి రెండు వందల ముక్కలు అయిపోవాలి. ముక్క వినగానే కాగితం మీద మూడు గళ్ళలో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. నచ్చింది, నచ్చలేదు, ఎప్పుడూ వినలేదు. లెక్క తీసేటప్పుడు చివరి రెండు గళ్ళూ కలిపేసి ‘వద్దు’ అని రాస్తాం. నేను చేరిన కొత్తలో ఇదేమిటని అడిగాను. "విననిదాన్ని కావాలని ఎవడడుగుతాడయ్యా, కలిపెయ్" అన్నాడు పెద్దచెవి. కలిపేశాను. ఆ ముప్ఫై ఆరుగురిలో నచ్చలేదన్నవాళ్ళు ముగ్గురే. తక్కిన ముప్ఫై ముగ్గురూ ‘ఎప్పుడూ వినలేదు’ దగ్గర టిక్కు పెట్టారు. అంతకుముందు ఎక్కడా రాని పాట కదా, వాళ్ళు నిజమే చెప్పారు పాపం.

ఇక్కడిదాకా చదివి, ఇది ఆఫీసు పద్ధతి, అన్నయ్య ఏం చేస్తాడులే అనుకుంటావు. నీకా గుణం ఉంది. కొంచెం ఆగు.

ముక్క కోసేది నేనే. పాటలో ఏ ఏడు సెకన్లు వినిపించాలో ఏరడం నా పని, అందులో నన్ను మించినవాడు లేడని ఆఫీసులో పేరు. పరధ్యానంగా ఉన్న మనిషి ఉలిక్కిపడి తలెత్తే చోట కొయ్యాలి. నీ పాటలో అలాంటి చోట్లు నాలుగున్నాయి. మొదటిసారి వింటూనే కాగితం మీద నాలుగు గుర్తులు పెట్టుకున్నాను. ఎంత గర్వపడ్డానో తెలుసా? నా చెల్లెలమ్మా అని అరవాలనిపించింది. అప్పుడు మూడో చరణం వచ్చింది.

మా అన్నకీ ఒక గొంతుండేది, అద్దెకిచ్చేశాడు,
ఇదేంటంటే ‘జనమే అడిగార’ని జనం నెత్తిన రుద్దేశాడు.

ఒక్క మాట ముందుగా చెప్పలేదు నువ్వు. ఏమనుకోకు అన్నయ్యా అని ఒక చీటీ ముక్క కూడా పెట్టలేదు. గదిలో ఒక్కడినే ఉన్నా చెవులు వేడెక్కిపోయాయి. కోపం వచ్చింది. కోపమే అయితే ఒక పూటలో చల్లారేది. కుళ్ళుకున్నాను. ఇద్దరం ఒకే దుప్పటి కింద మొదలుపెట్టాం, నీకు ఆ గొంతు అలాగే ఉండిపోయింది, పైగా నా సంగతి నాకన్నా బాగా నీకే తెలిసింది. గుర్తులు పెట్టిన కాగితం నలిపి పారేశాను. రెండో చరణం అయ్యాక నువ్వు దగ్గి, గుక్క తిప్పుకుంటుంటే పైన గ్యారేజీలో ఎవరో బస్సు స్టార్ట్ చేసిన చోటొకటుంది చూడు. అక్కడినుంచి ఏడు సెకన్లు కోశాను. నలభై మందీ విన్నది అదీ. ఒక దగ్గు, ఒక బస్సు. దానికి కూడా నచ్చిందని టిక్కు పెట్టిన ఆ నలుగురు ఎవరో నాకిప్పటికీ అర్థం కాదు.

కంపెనీ వాళ్ళు మూడో చరణం ఎత్తేసి, అక్కడ ఎవరో అమ్మాయిల చేత పల్లవి పాడించారని నువ్వు ఫోన్లో ఏడ్చావు. "పోనీలేరా, జనానికి ఎక్కాలిగా" అన్నాను. లోపల నాకు హాయిగా అనిపించింది. నిజంగా హాయిగానే అనిపించింది.

వదిన దగ్గర నీ అసలు పాట ఉంది. నువ్వే పంపావట. ఒకరోజు గిన్నెలు కడుగుతూ మూడో చరణం పాడి, "ఏమండీ, ఇది మీ గురించే కదా?" అంది. అవునన్నాను. "మరి ఆ నలభై మందికీ ఇది వినిపించారా?" అంది. గుడ్డ అందుకుని కడిగిన గిన్నెలు తుడవడం మొదలుపెట్టాను. ఆవిడకి అర్థమైపోయింది. "నాకు చెప్పి ఏం లాభం, వినాల్సింది తను" అని గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయింది. ఆ రోజు నుంచి నాతో పొడిపొడిగానే మాట్లాడుతోంది.

పోయిన శుక్రవారం పరీక్ష అయిపోయి అందరూ సంచులు సర్దుకుంటుంటే, ఒక పాట మొత్తం వింటారా అని అడిగాను. పన్నెండు మంది ఆగారు. నీ పాట మొదటినుంచి చివరిదాకా వేశాను. మూడో చరణం దగ్గర ఇస్త్రీ ఆయన పడీ పడీ నవ్వి, "ఆ అన్నెవరో గానీ దుమ్ము దులిపేసింది!" అన్నాడు. వాళ్ళ గదికీ నా మిషనుకీ మధ్య ఉన్న అద్దం ఇవతల నేనూ నవ్వాను, ఏం చెయ్యను? ఏడుగురికి నచ్చింది, అయిదుగురికి నచ్చలేదు. పళ్ళ డాక్టరు దగ్గరి అమ్మాయి నా దాకా వచ్చి, "నాకు నచ్చలేదండీ, గొంతు గరగరలాడుతోంది. కానీ మొత్తం విన్నాకే అంటున్నా, అలాగే రాసుకోండి" అని చెప్పి వెళ్ళింది. బస్సు డ్రైవరు, "ఇలాంటివి అసలు వెయ్యరేంటి సార్? వద్దనుకుంటే మేమే కట్టేసుకుంటాంగా" అన్నాడు.

మర్నాడు ఆ పాట వేద్దామని పెద్దచెవిని అడిగాను. అసలు పాట కూడా ఇప్పుడు కంపెనీదేనట, మూడో చరణంతో ఎక్కడా వెయ్యడానికి వీల్లేదట. నువ్వు ఆ ఒక్క పాటకి పెట్టిన సంతకంలోనే ఆ షరతు ఉందట. ఆ సంతకం నువ్వు పెట్టింది నా రిపోర్టు చూసి. కాబట్టి ఆ పాట పోయింది. నేను ఎంత ఏడ్చినా రాదు.

ఇంకొకటి మిగిలింది. నీ ఉత్తరం వచ్చి పద్నాలుగు రోజులైంది. రెండో రోజే జవాబు రాసి ఉండొచ్చు. రాయకుండా సొరుగులో పెట్టాను. బుధవారం దాటిపోతే ఇక చెప్పాల్సిన అవసరమే ఉండదని అనుకున్నాను. మరచిపోయానని గానీ, పని ఒత్తిడి అని గానీ అబద్ధమాడను. కావాలనే ఆగాను. ఇవాళ మంగళవారం. ఇప్పుడు పోస్టులో వేస్తే శుక్రవారానికి గానీ చేరదు, ఆ సంగతి తెలిసే ఇన్నాళ్ళూ గడిపాను.

అందుకని పోస్టులో వెయ్యడం లేదు. సాయంత్రం నాలుగింటి బస్సుకి బయల్దేరుతున్నాను. రేపు పొద్దున్నే, పదకొండు కాకముందే, ఇది నీ చేతికి నేనే ఇస్తాను.

సంతకం పెట్టమని చెప్పను, వద్దనీ చెప్పను. నీ పాట నచ్చనివాళ్ళు ఉంటారు, చాలామందే ఉండొచ్చు. వాళ్ళు విని చెప్పాలి, నువ్వు తెలిసి నిర్ణయించుకోవాలి. ఆ రెండూ నేనే పాడుచేశాను. గోడకి అంటించిన ఆ కాగితం మాత్రం చించెయ్యి.

నువ్వు చదువుతున్నంతసేపూ కింద మెట్ల మీద కూర్చుంటాను. వెంటనే పిలవాలని లేదు, అసలు పిలవకపోయినా తప్పు నీది కాదు. వెనక్కి వెళ్ళే బస్సు మధ్యాహ్నం ఒంటిగంటకుంది. అప్పటిదాకా ఉంటాను.

ఇట్లు,
నీ తోడబుట్టినవాడు,
అన్నయ్య