ఆరో కప్పు

మార్చి 3
వేలానికి కొత్త సరుకు వచ్చింది. ఆరు వెండి వైన్ కప్పులు. పాతవి, బాగా పాతవి. అరచేతిలో ఇమిడేంత చిన్నవి, అంచు చుట్టూ ద్రాక్షతీగ చెక్కి ఉంది. తెచ్చిన పెద్దావిడ రిటైరైన నర్సు. వాటిలో ఒకదాన్ని మాత్రం విడిగా అమ్మమని బాస్‌ని బతిమాలింది. సెట్ విడగొడితే ఎవడు కొంటాడని ఆయన కొట్టిపారేశాడు. కేటలాగ్‌కి ఫొటోలు తియ్యడం నా పని. ఆరింటినీ వరసగా నిలబెట్టి, లైట్లు సరిచూసుకుని, స్టూడియోకి తాళం వేసి వచ్చేశాను.

మార్చి 4
తాళం తీస్తే ఐదు కప్పులు బోర్లా ఉన్నాయి. ఒక్కటే నిలబడి ఉంది. తాళంచెవి నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. ఇంటికొచ్చి చెల్లికి చెబితే, ముందు నీ కళ్లజోడు మార్చుకో అంది. దాని నోటికి ఏ తాళమూ లేదు.

మార్చి 5
మళ్లీ అంతే.

మార్చి 7
ఉండబట్టలేక పెద్దావిడకు ఫోన్ చేశాను. అప్పుడు చెప్పుకొచ్చింది. తనతో కలిపి తోడబుట్టినవాళ్లు మొత్తం ఆరుగురట. తాతగారు తలా ఒక కప్పు ఇచ్చారు. ఒకరోజు పెద్దన్నయ్య కప్పు దానంతటదే బోర్లా పడి కనిపించింది. సాయంత్రానికి ఆయన పోయిన కబురు వచ్చింది. తర్వాత అక్క. అలా ఒక్కొక్కరూ. ప్రతిసారీ ముందు కప్పు, వెనకాలే కబురు. బోర్లా పడ్డదాన్ని ఎన్నిసార్లు నిలబెట్టినా ఎక్కువసేపు నిలవదట.
"నిలబడి ఉన్నది నాదమ్మా. వాటి పక్కనే ఉంటే అదీ పడిపోతుంది. వేరేవాళ్ల చేతికి మారిపోతే ఇంక నాది కాదు కదా?" అంది.
చాదస్తం అందామని నోరు తెరిచాను. ఫోన్ పెట్టేసి, వెళ్లి స్టూడియో తాళం మళ్లీ లాగి చూశాను.

మార్చి 10
ఆరో కప్పు ఓ పక్కకి ఒరిగి ఉంది, గోడకి చేరగిలబడ్డ మనిషిలా. దానికి ఏ ఆసరా లేదు. ముట్టుకుంటే వెచ్చగా తగిలింది.

మార్చి 11
చెయ్యకూడని పని చేశాను. ఆరో కప్పు అంచుని టేబుల్ మూలకి ఆనించి గట్టిగా నొక్కాను. మెత్తటి వెండి. సొట్ట పడింది. వచ్చినప్పుడే అలా ఉందని బాస్‌తో చెప్పాను. ఆయన నా ఫొటోల వంక, నా ముఖం వంక మార్చి మార్చి చూశాడు. చివరికి దాన్ని సెట్‌లోంచి తీసేసి విడిగా అమ్మడానికి వేరే లాట్ కింద పెట్టించాడు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో.

మార్చి 19
వేలం. ఐదు కప్పుల కోసం ఇద్దరు డీలర్లు పంతానికి పోయారు. సొట్ట కప్పు వంతు వచ్చేసరికి హాలంతా చల్లబడిపోయింది. ఒక్క చెయ్యీ లేవలేదు. అమ్ముడుపోకపోతే తిరిగి ఆవిడ ఇంటికే చేరుతుంది. స్టాఫ్ వేలంపాట పాడకూడదు. తమాషా చూద్దామని వచ్చి చెల్లి వెనక వరసలో కూర్చుంది. కళ్లతోనే దాని కాళ్లు పట్టుకున్నాను. అది దోమని కొట్టినట్టు చెయ్యెత్తింది. సుత్తి పడింది.
పెద్దావిడ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది.

మార్చి 24
ఆవిడ ఫోన్ చేసింది. ఇన్నేళ్లకి కంటినిండా నిద్ర పడుతోందట.
కప్పు మా వంటింట్లో బుద్ధిగా నిలబడి ఉంది. బీరువాలో పెట్టేస్తానంటే చెల్లి వినదు. "బిల్లు నా పేరు మీద ఉంది. నా కప్పు, నా ఇష్టం" అంటూ రోజూ అందులోనే కాఫీ తాగుతోంది. సొట్ట దగ్గర పెదవి భలే కుదురుతుందట.

ఏప్రిల్ 2, మధ్యాహ్నం
కప్పు బోర్లా ఉంది.
పెద్దావిడకు ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది. హాయిగా ఉన్నానమ్మా, మొక్కలకి నీళ్లు పోస్తున్నాను అంది.
నిలబెట్టాను. నిలవలేదు.
చెల్లి నంబరుకి చేస్తున్నాను. మోగుతూనే ఉంది.