పక్కన పెట్టినవాళ్ళు

మార్చి 4

చెల్లి ఒప్పుకుంది! సైటు మళ్ళీ తెరిచే రోజు పాడతానంది. ఫోన్ పెట్టేసి వంటింట్లో ఒక్కదాన్నే గెంతాను. మా ఆయన చూసి, పాడేది మీ చెల్లెలు కదే, నీకెందుకింత హడావుడి అన్నాడు.

ఎందుకు కాదు? పాటగాళ్ళనీ వినేవాళ్ళనీ ఒకచోట చేర్చే సైటు మాది. మూతపడి మూడేళ్ళయినా ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ అడిగేది ఒక్కటే, మీ చెల్లెలు మళ్ళీ పాడుతుందా అని.

కానీ ఒక షరతు పెట్టింది. అతను ఉండకూడదు.

అతనంటే వన్స్ మోర్. అసలు పేరు తెలుసు గానీ మా ఇంట్లో ఎవరం పలకం. చెల్లి ప్రతి పాట కిందా వన్స్ మోర్ అని రాసేవాడు. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత అది ఎక్కే బస్సే ఎక్కడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఇంటి గేటు దగ్గర నిలబడేవాడు, వానొచ్చినా కదిలేవాడు కాదు. పోలీసులు పిలిచి మందలిస్తే, నేనేం చేశాను సార్, పాట బాగుందన్నాను, అదీ తప్పేనా అన్నాడట. చెల్లి అతన్ని సైట్లో బ్లాక్ చేసింది, ఇల్లు మారింది, పాడటం మానేసింది.

బ్లాక్ చేసినవాళ్ళు బ్లాక్‌లోనే ఉంటారే, పాత డేటా మొత్తం కొత్త సైటుకి వచ్చేస్తుంది అని చెప్పాను. నువ్వున్నావనే ధైర్యం అక్కా అంది.

మార్చి 9

కొత్త ఇంజనీరమ్మాయి నోట్లోంచి మాట ఊడిపడదు గానీ పని మాత్రం చకచకా చేస్తుంది. పాత అకౌంట్లన్నీ తెచ్చేసింది. ఇప్పుడు ప్రతి పాటగాడికీ ‘దగ్గరివాళ్ళు’ అని ఒక గుంపు ఉంటుంది. కొత్త పాట ముందు వాళ్ళకే వినిపిస్తుంది, చిన్న కచేరీలకు పిలుపు వాళ్ళకే వెళ్తుంది.

చెల్లి కచేరీ ఇరవై ఒకటిన, పొద్దున పదకొండింటికి, డాన్సు స్కూలు వాళ్ళ హాల్లో. లైవ్ కూడా ఉంటుంది, అకౌంట్ లేకపోయినా ఎవరైనా వినొచ్చు, కామెంట్ రాయొచ్చు. అడ్రసుతో సహా పిలుపులు వెళ్ళిపోయాయి. దగ్గరివాళ్ళని చెల్లి ఇంకా ఎంచుకోలేదుగా అంటే, పాత డేటాలోనే ఉన్నారండీ అంది ఆ అమ్మాయి. పోనీలే, ఒక పని తప్పింది అనుకున్నాను.

మార్చి 15

రిహార్సల్. మూడేళ్ళ తుప్పు ఉంది గొంతులో, అయినా రెండో చరణం దగ్గర దాని మొహం వెలిగింది. నాకు ఏడుపొచ్చింది. బాత్రూమ్‌లోకెళ్ళి ముక్కు చీదుకుని, సైటు మెయిల్ తెరిచాను.

పిలుపుకి జవాబు. నన్ను దగ్గరివాళ్ళలో చేర్చుకున్నావు, ఎప్పటికైనా పిలుస్తావని నాకు తెలుసు, ముందు వరసలో కూర్చుంటాను అని. చివర్న వన్స్ మోర్.

అదే రోజు, మధ్యాహ్నం

చెల్లి పక్కగదిలో ఇంకా పాడుతోంది.

మార్చి 16

తప్పెక్కడో దొరికింది. ఒక్క మాటలో.

పాత సైట్లో అన్నీ తెలుగు మాటలే ఉండాలని పంతం పట్టింది నేనే. బ్లాక్ అనే బటన్‌కి ‘పక్కన పెట్టు’ అని పేరు పెట్టిందీ నేనే. కాస్త మర్యాదగా ఉంటుందని. ఇంజనీరమ్మాయి ఆ పేరు చూసి ఏమనుకుంది? వాళ్ళమ్మ ఏది వండినా అందరికీ వడ్డించకముందే ఈ పిల్లకోసం కొంచెం తీసి పక్కన పెట్టేదట. పక్కన పెట్టడమంటే మనకి కావలసినవాళ్ళకోసం దాచడమే కదండీ అంది. అలా చెల్లి పక్కన పెట్టినవాళ్ళంతా చెల్లికి దగ్గరివాళ్ళయి కూర్చున్నారు.

ఆ పిల్లని తిట్టడానికి నోరు రాలేదు. తను ఏడుస్తోంది. నేను మర్యాదకి పోతే ఇదీ జరిగింది.

చెల్లి ఒక్కదానికే కాదు. పాటగాళ్ళందరి జాబితాలూ ఇలాగే తిరగబడ్డాయి.

మార్చి 17

జాబితాలు సరిచేశాం, దగ్గరివాళ్ళలో పాత శ్రోతల్ని చేర్చి పిలుపులు పంపాం. వన్స్ మోర్‌ని తీసేశాం. తీసేసినట్టు అతనికి మెసేజ్ వెళ్ళకుండా కూడా చూసుకున్నాం, రెచ్చిపోతాడేమోనని. కానీ అడ్రసు వెళ్ళిపోయింది. వెళ్ళినదాన్ని వెనక్కెలా లాగుతాం?

మా ఆయన, ఎవరికీ చెప్పకు, గుట్టుగా పోనీ, హాలు గుమ్మం దగ్గర నేను నిలబడతాను అన్నాడు. సగం మనసు అటే లాగింది. అది కూడా రాసుకోవాలి. చెబితే అది మళ్ళీ జన్మలో పాడదు. చెప్పకపోతే వాడి ఎదురుగా పాడుతుంది.

సాయంత్రం పాటగాళ్ళందరికీ జరిగింది జరిగినట్టు ఉత్తరం రాశాను. చెల్లికి మాత్రం రాయలేకపోయాను. దానికి మొహం చూసి చెప్పాలి.

మార్చి 19

చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. అతనికి అడ్రస్ తెలుసా అని అడిగింది. హాలుదే, ఇంటిది కాదు అన్నాను. హాల్లోంచి ఇంటికి దారుంటుంది కదక్కా అంది. లేచి కిటికీలన్నీ వేసింది. పట్టపగలు, ఎండ బాగా కాస్తుంటే. తర్వాత చిన్నప్పుడు ఉరుములొస్తే కూర్చున్నట్టు నా కొంగు పట్టుకుని కూర్చుంది. ఎంతసేపో తెలీదు.

మార్చి 20

కచేరీ రద్దు. దగ్గరివాళ్ళందరికీ మెసేజ్ వెళ్ళింది. సైటు మాత్రం రేపు తెరుస్తున్నాం, అది చెల్లి మాటే. నాకోసం మిగతావాళ్ళ పాటలు ఆగకూడదంది. దాన్ని పిన్ని వాళ్ళింట్లో దింపి వచ్చాం. కారు దిగేటప్పుడు రెండుసార్లు వెనక్కి చూసింది.

మార్చి 21, ఉదయం 11:10

కచేరీకని ముందే చేర్చిన చెల్లి కీబోర్డు హాల్లోనే ఉండిపోయిందని వచ్చాను. లోపలికొచ్చి గడియ పెట్టుకున్నాను. కూర్చుని నాలుగు ముక్కలు రాసుకుందామనుకున్నాను.

లైవ్ కోసం ముందే బిగించిన మైకు మీద ఎర్ర లైటు. కచేరీ రద్దు చేశాం గానీ లైవ్ రద్దు చేయడం మర్చిపోయాం. టైముకి దానంతటదే మొదలైంది. ఫోన్లో చూశాను. ఖాళీ హాలు చప్పుడు లోకమంతటికీ వినిపిస్తోంది. వింటున్నవారు: ఒక్కరు.

రద్దయిందన్న మెసేజ్ దగ్గరివాళ్ళకే వెళ్ళింది. అతన్ని అప్పటికే తీసేశాం.

మా ఆయనకి మెసేజ్ పెట్టాను. ఇంకా చూడలేదు.

కుర్చీ కిర్రుమంది. వెంటనే కింద కామెంట్ వచ్చింది.

అక్కా, మీరేనా లోపల? తలుపేసుందేం?

పెన్ను చప్పుడు కూడా వినిపిస్తుందేమో