ఎడమవైపు పాట

చిరంజీవి గంటమ్మకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, నా అనుమానాలు మాత్రం తగ్గలేదు. నువ్వక్కడ వేళకి తింటూ, కంటినిండా నిద్రపోతూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. లేకపోయినా ఉన్నాననే రాస్తావని తెలుసు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. మొదటిది, పాటలు వింటున్నావా అని. వింటున్నాను. పొద్దున ఆరూ యాభై బస్సు, కుడివైపు మూడో సీటు, కిటికీ పక్క. పనిచోటుకి చేరేసరికి యాభై నిమిషాలు. నువ్వు ఫోన్లో నింపి పంపిన రెండు వందల పాటలూ అప్పుడే వింటాను. ఇండీ పాటలంటే కంపెనీల అండ లేకుండా ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని కట్టుకున్నవని చెప్పావు. వింటేనే తెలుస్తోందిలే. ఒకడి పాటలో వెనక ఫ్యాను తిరుగుతోంది. ఇంకొకావిడ పాడుతుంటే ఎవరో తలుపు వేశారు. ఆ తలుపు బందులకి కాస్త నూనె పెట్టమని చెప్పు.

షఫుల్ అంటే పేకముక్కలు కలిపినట్టు పాటల్ని కలిపేయడమని, ఏది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదని రాశావు. నాకు నమ్మకం లేదు. రెండు వందల్లో ఆ మాటల్లేని పాట ఒక్కటే వారానికి మూడు నాలుగుసార్లు ఎందుకొస్తుంది? వట్టి గిటారు, కింద చిన్న దరువు, అంతే. అన్నిటిలోకీ అదే నచ్చిందని పోయిన ఉత్తరంలో రాశాను. నోరు మూసుకుని వాయించినవాడు ఒక్కడైనా ఉన్నాడని మెచ్చుకున్నాను కూడా. దానికి నువ్వేం చేశావు? "నిజంగా మాటల్లేవా నాన్నా? ఇంకోసారి విని చెప్పు" అని ఒకే ఉత్తరంలో మూడుచోట్ల అడిగావు. నీ దగ్గర ఏదో దాపరికం ఉందని నాకప్పుడే అనుమానం వచ్చింది.

రెండోది, ఫోన్ చేస్తే అన్నిటికీ సరే సరే అని ఎందుకు పెట్టేస్తున్నావని. ఫోన్లో నీ మాట సరిగ్గా రావడం లేదు. అసలు ఈమధ్య అందరూ నా దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గిస్తున్నారు. బస్సులో పక్కన కూర్చునే టైపిస్టు ఆవిడ నావైపు తిరిగి పెదాలు కదిపి నవ్వుతుంది. ఎగతాళేమో తెలియదు. మీ అమ్మ భోజనాల దగ్గర గొణుగుతుంది. ఏమిటంటే "ఏమీ లేదులెండి" అంటుంది. నా గురించి ఎవరికో చెబుతోందని రెండు రోజులు ఆవిడ ఫోన్ మీద కన్నేసి ఉంచాను. మోకాలి వ్యాయామాల బొమ్మలు తప్ప ఏమీ దొరకలేదు. నువ్వు పంపిన ఇయర్‌ఫోన్లు కూడా నాసిరకమే. ఎడమది చాలా నీరసంగా పలుకుతోంది.

వీళ్ళందరి సంగతి అలా ఉంచు. అసలు అనుమానం నా జత మెకానిక్ మీద. నాకంటే పదిహేనేళ్ళు చిన్న, నన్ను అన్నా అని పిలుస్తాడు. లిఫ్టు పని కళ్ళకంటే చెవితో చేసే పని అని నీకు తెలుసు. స్క్రూడ్రైవర్ మొన మోటారు మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుంటే లోపల బేరింగ్ ఎలా ఉందో అదే చెబుతుంది. కుడిచేత్తో టార్చి పట్టుకుంటాను కాబట్టి నాకెప్పుడూ ఎడమ చెవే. ముప్పై ఏళ్ళుగా మనింటికి అన్నం పెట్టింది ఆ చెవే. అది పోతే లిఫ్టు బాగుందని కార్డు మీద సంతకం పెట్టే అధికారం పోతుంది. అందుకే ఏటా పరీక్ష చేస్తారు. వీడు ఈమధ్య నా పక్కన నడుస్తూ ఏదో అంటాడు, నేను పలక్కపోతే అదోలా చూస్తాడు. నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నాడనుకున్నాను.

పోయిన నెల ఒక ఆసుపత్రి లిఫ్టు చూశాం. పైన మిషన్ గదిలో స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాను. ఎక్కడా చిన్న రొద లేదు. బాగుందని సంతకం పెట్టాను. వాడొచ్చి మళ్ళీ విని, మెయిన్ స్విచ్ ఆపేశాడు.

"అన్నా, ఇది పిండిమరలా గరగరలాడుతుంటే బాగుందని ఎలా రాశావు?"

"నేను విన్నప్పుడు బాగానే ఉంది. నువ్వే ఏదో కదిపుంటావు."

"నేను కదిపానా? ఏ చెవితో విన్నావో చెప్పు ముందు."

"ఏ చెవైతే నీకెందుకురా? నీ పని నువ్వు చూసుకో."

వాడు పనిముట్ల సంచీ విప్పాడు. సాయంత్రం దాకా కష్టపడి బేరింగ్ మార్చాడు. పైవాళ్ళకి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకపోయేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది, సమయం కోసం కాచుకుని ఉన్నాడని. ఆ లిఫ్టులో స్ట్రెచర్ల మీద మనుషుల్ని ఎక్కిస్తారన్న సంగతి నాకు మూడు రోజుల తరవాత గానీ గుర్తు రాలేదు. రాయడానికే సిగ్గుగా ఉంది.

ఇక మంగళవారం సంగతి. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి బస్సెక్కాను. ఇయర్‌ఫోన్ల మీద ఏది ఎడమో ఏది కుడో అక్షరాలు కనబడక, చేతికొచ్చినట్టు పెట్టుకున్నాను. ఏడో ఎనిమిదో పాటగా నా గిటారు పాట మొదలైనట్టు ఫోన్ మీద ఆ పాట బొమ్మ వచ్చింది. గిటారు మాత్రం లేదు. ఒక ఆడపిల్ల ఒక్కత్తే పాడుతోంది.

మొదటి మాటకే తెలిసిపోయింది. తాళ్ళు అనాల్సినచోట తాల్లు అనే పిల్ల నాకు ఇంకెవరున్నారు? "ఇనప తాల్లు ఏం చెప్పుకున్నా మా నాన్న వింటాడు, ఆ చెవి దగ్గర అబద్ధమాడలేరు ఎవ్వరూ" అని పాడుతున్నావు. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. తరవాతి స్టాపులో దిగి, బల్ల మీద కూర్చుని రెండూ మార్చి పెట్టుకున్నాను. నువ్వు పోయి గిటారు వచ్చింది. మళ్ళీ మార్చాను, నువ్వొచ్చావు. అలా నాలుగుసార్లు చేశాను. గొంతు ఒక పక్కా, గిటారు ఒక పక్కా పెట్టి కట్టావన్నమాట.

తరవాత పాటల జాబితా మొత్తం తిరగేశాను. ఆ పాట పన్నెండుసార్లు పెట్టావు! షఫుల్ మీద నా అనుమానం ఒక్కటే నిజమైంది. నేను ఎలాగైనా వినాలని అన్నిసార్లు పెట్టుకున్నావు, నేనేమో వాయించినవాడు నోరు మూసుకున్నందుకు మెచ్చుకున్నాను. అది చదివి ఎంత బాధపడి ఉంటావో తల్లీ.

ఇప్పుడు అసలు మాట రాయాలి. ఎడమది నీరసంగా పలికితే రెండూ మార్చి చూడాలని ముప్పై ఏళ్ళ మెకానిక్కి తోచదా? తోచింది. కావాలనే మార్చలేదు. తప్పు ఇయర్‌ఫోన్లది కాదని తేలిపోతుందని భయం. ఎడమ చెవి మందగించిందని పోయిన ఏడాది పరీక్షలోనే నాకు తెలిసింది. గాజు అవతల కూర్చున్న అమ్మాయి మీట నొక్కినప్పుడల్లా ఆమె భుజం కొంచెం కదిలేది. ఎడమ చెవి వంతు వచ్చినప్పుడు ఆ భుజాన్ని చూసి, చప్పుడు వినబడినట్టే చెయ్యెత్తాను. రెండు చెవులూ భేషుగ్గా ఉన్నాయని కాగితం ఇచ్చారు. మీ అమ్మకి కూడా చెప్పలేదు. ఏడాదంతా ఆ కాగితం అండతోనే సంతకాలు పెట్టాను.

నిన్న ఈ ఏటి పరీక్ష. వెళ్ళేముందు నా జత మెకానిక్కి అంతా చెప్పేశాను. "తెలుసన్నా. నువ్వే చెబుతావని ఆగాను" అన్నాడు. ఇన్నాళ్ళూ వాణ్ణి దొంగని చూసినట్టు చూశాను. ఇకనుంచి సంతకాలు వాడివి. నన్ను పనిముట్లు అందించడానికైనా ఉంచుకుంటారో లేదో ఆఫీసువాళ్ళు ఇంకా తేల్చలేదు.

పరీక్ష గదిలో ఈసారి కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కుడి చెవిలో వచ్చిన ప్రతి చప్పుడుకీ చెయ్యెత్తాను. ఇక ఎడమ చెవి అని చెప్పింది ఆ అమ్మాయి. ఊపిరి బిగబట్టి ఎదురుచూశాను. ఎంతకీ ఏమీ రాకపోయేసరికి మిషన్ చెడిపోయిందేమోనని కూడా అనుమానించాను. అంతలో ఎవరో భుజం మీద చెయ్యి వేస్తే కళ్ళు తెరిచాను. ఆ అమ్మాయే, నా చెవుల మీంచి మెల్లగా ఆ హెడ్‌ఫోన్ తొడుగు తీస్తోంది.

"మొదలుపెట్టమ్మా, నేను సిద్ధంగానే ఉన్నాను" అన్నాను.

"అయిపోయిందండీ" అంది.

ఇట్లు,
నీ పాటని కుడి చెవితో విన్న
నాన్న