నేను నిలబడి పనిచేయుటకు గల అసలు కారణం

గౌరవనీయులైన కార్యాలయ అధికారి గారికి, రికార్డుల విభాగం గుమాస్తా వినయంతో మనవి చేసుకొనునది:

గత వారం నేను మూడు రోజులు నిలబడే పనిచేయడం చూసి, అది తమ పట్ల గౌరవమని తమరు భావించారు. సిబ్బంది అంతా నన్ను ఆదర్శంగా తీసుకుని నిలబడే పనిచేయాలని ఉత్తర్వు ఇచ్చారు. మోకాళ్ల నొప్పులున్న టైపిస్టు గారు నేను కనబడితే చాలు, "నీ భక్తి తగలెయ్య!" అంటున్నారు. కనుక నిజం చెప్పక తప్పదు.

నాకు జననాంగాల మీద పులిపిర్లు లేచాయి. డాక్టరుకు చూపించడానికి సిగ్గుపడి, అరికాలి ఆనెకాయలకు వాడే మందు రాశాను. ఆ తరువాత కూర్చోవడం నా వల్ల కాలేదు. చివరికి సిగ్గు విడిచి ఆసుపత్రికి వెళ్లాను.

"కాలి మందు అక్కడ రాస్తారటండీ? చదువుకున్నారా అసలు?" అన్నారు డాక్టరమ్మ.

"డిగ్రీ ఉందండీ" అని మనవి చేశాను.

ఇది లైంగిక సంబంధంలో చర్మం తగిలి సోకే వైరస్ అట. బయటపడడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టవచ్చు కనుక, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని ఇంట్లో విచారణ సంఘం వేయవద్దన్నారు. కండోమ్ ముప్పును తగ్గిస్తుందే గాని పూర్తిగా ఆపదట. చిన్న వయసులోనే టీకా వేయిస్తే చాలావరకు రాదట. మా ఆవిడ పరీక్ష చేయించుకుంది. అమ్మాయికి టీకా వేయించాము.

కావున తమ ఉత్తర్వును రద్దుచేసి, దాని స్థానంలో డాక్టరమ్మ మాటలను నోటీసు బోర్డులో పెట్టించ ప్రార్థన.

మంట ఇంకా తగ్గనందున ఈ ఉత్తరం కూడా నిలబడే రాశాను. దయచేసి దీన్ని గౌరవంగా భావించవద్దు.